నలుగురు కూర్చునే చోటు: వైట్ గ్రంథంపై విమర్శ

ఇల్లు మనది, రాజబాట అందరిది. ఈ రెండింటికి నడుమ, పూర్తిగా ఒకరిదని గాని అందరిదని గాని చెప్పలేని చోట్లు కొన్ని ఉన్నవి. వీధి అరుగు, గుడి మండపం, చెట్టుక్రింది రచ్చబండ, పాలకేంద్రపు వాకిలి ఇట్టివి. వీటిని అర్ధ బహిరంగ స్థలాలు అనవచ్చును. ఇట్టి చోట మనుష్యులు ఎందుకు కలుసుకొంటారో శాస్త్రరీతిని పరిశీలించిన గ్రంథాలలో, చిన్న నగరస్థలాల సాంఘిక జీవితంపై అమెరికా దేశీయుడు విలియం వైట్ 1980లో ప్రకటించినది ముఖ్యమైనది.

న్యూయార్కు నగరంలో 1961 నాటి నిబంధన ప్రకారం, భవనం ముందు ప్రజల కొరకు ఖాళీస్థలం విడిచిన యజమాని అదనంగా అంతస్తులు కట్టుకొనవచ్చును. స్థలాలైతే ఏర్పడినవి గాని, వాటిలో చాలవరకు జనం కనబడలేదు. ఎందువల్ల? వైట్, ఆయన సహాయకులు ఎత్తైన చోట్ల కెమేరాలు అమర్చి, ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చున్నారో లెక్క వ్రాశారు. స్థలం విశాలమా, ఇరుకా, అందమైనదా అన్నవి అంత ముఖ్యం కాదని తేలింది. కూర్చొనుటకు వీలున్న చోటనే జనం కూర్చున్నారు! గ్రంథం వెలువడక ముందే, 1975లో, ఈ ఫలితాల ననుసరించి నగరం తన నిబంధనలను మార్చింది. ప్రతి 30 చదరపు అడుగుల స్థలానికి ఒక అడుగు పొడవు ఆసనం ఉండవలెనని విధించింది. ఊహకు బదులు లెక్కను నమ్మడం ఈ గ్రంథం గొప్పతనం.

అయితే ఈ సూత్రాన్ని మన గ్రామాలకు యథాతథంగా అన్వయింపవచ్చునా? న్యూయార్కు వాసి చలిరోజులలో ఎండను వెదకుకొంటాడు. మనకు కావలసినది నీడ. వేపచెట్టు ఆకులు సూర్యకిరణాలను అడ్డగించడమే కాక, బాష్పోత్సేకం వల్ల పరిసరాల ఉష్ణాన్ని కొంత గ్రహిస్తాయి. నీడలోని రాతిబండ మెల్లగా వేడెక్కుతుంది. కాబట్టి మధ్యాహ్నం కూడ చల్లగా ఉంటుంది. చెట్టు కొట్టివేస్తే అదే బండపై కూర్చొనలేము. మన రచ్చబండను కట్టినవారు కొలతబద్ద పట్టకపోయినా ఈ ధర్మాన్ని ఎరిగినవారే.

ఇంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. కెమేరా వచ్చినవారిని లెక్కిస్తుంది, రానివారిని లెక్కింపదు. స్త్రీలు ఎక్కువగా కూర్చొనే స్థలం బాగుగా నడుస్తున్నదని వైట్ గుర్తించాడు. ఇది మంచి సూచనయే. కాని వారు రాకపోవడానికి కారణం ఆసనం లేకపోవడమేనా? రచ్చబండకు నీడ ఉన్నది, ఆసనం ఉన్నది. అయినప్పటికి చాల గ్రామాలలో అక్కడ స్త్రీలు కూర్చొనే ఆచారం లేదు. అంటరానివారని దూరంగా ఉంచబడినవారికి అక్కడ సమానస్థానం దక్కలేదు. ఆ బండను మెచ్చుకొనేటప్పుడు ఈ సంగతి మరచిపోరాదు.

తెనాలి, గుంటూరు దారిలోని వడ్లమూడి పేరు చెప్పగానే ఈ ప్రాంతంవారికి సంగం డెయిరీ జ్ఞాపకం వస్తుంది. పాడి పెరిగిన ఇట్టి గ్రామాలలో పాలకేంద్రం మనకు మరొక పాఠం చెబుతున్నది. అక్కడికి పూటపూటా రావడానికి అందరికి పని ఉన్నది. స్త్రీలు కూడ పాలు తీసుకొని వస్తారు. పాలకు ధర వెన్నశాతాన్ని బట్టియే గాని, తెచ్చినవారి ఇంటిపేరును బట్టి కాదు. రచ్చబండకు లేని గుణం దీనికి ఉన్నది. కాని అనేకచోట్ల పాలకేంద్ర మంటే ఒక గది, దాని ముందు ఎండ. పాలు పోయగానే ఎవరిదారిన వారు పోతారు. నాలుగు చెట్లు, రెండువైపులా కూర్చొనుటకు వీలుగా 30 అంగుళాలకు తక్కువ గాని వెడల్పుగల ఒక అరుగు, త్రాగునీరు ఉంటే, ఆ వరుస ఊరి సభ కాగలదు. ఖర్చు స్వల్పం.

కావున వైట్ సూత్రానికి మనము రెండు షరతులు చేర్చవలసి ఉన్నది: ఆసనంతో పాటు నీడ కావలెను, అందరికి అక్కడికి రావలసిన పని కావలెను. ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులచేతనే పరీక్షింపజేయవచ్చును. బస్సు ఆగేచోట గాని, పాలకేంద్రం వద్ద గాని వారంరోజులు ఒకే వేళకు నిలిచి, నిలబడినవారిని, కూర్చున్నవారిని, పురుషులను, స్త్రీలను వేరువేరుగా లెక్కింపవలెను. ఎండను, నీడను గుర్తింపవలెను. చివరకు, ఆ ఊరివారై యుండి అక్కడ ఒక్కనాడైన కనబడనివారెవరో వ్రాయవలెను. పట్టికలో ఆ చివరి గడి నింపడమే కష్టం. వైట్ గ్రంథంలో లోపించినది కూడ అదే.