వీడియోలో వినపడని మాట

2021 మే మొదట్లో ఒక వీడియో నా ఫోన్‌కి వచ్చింది. మా శ్రీకాకుళం జిల్లా జి.సిగడాం మండలం కొయ్యానపేటది. విజయవాడలో కూలి పని చేసుకుంటూ కోవిడ్ సోకి సొంతూరికి తిరిగి వచ్చిన మనిషిని ఊళ్లోకి రానివ్వలేదు. ఊరి బయటే ఉంచేశారు. అతను నేల మీద పడి ఆఖరి ఘడియల్లో ఉంటే పదిహేడేళ్ల కూతురు నీళ్లు పట్టుకుని దగ్గరికి వెళ్లబోతుంది. తల్లి ఆమెను పట్టుకుని వెనక్కి లాగుతుంది. కూతురు ఏడుస్తూ, విడిపించుకుంటూ చివరికి ఆ నీళ్లు పోస్తుంది. అతను బతకలేదు. ఆ వీడియోని దేశమంతా చూసింది.

ఆ రాత్రి నేనూ చూశాను. ఏడ్చాను. నలుగురు స్నేహితులకు పంపించాను. తెల్లారి లేచి ఒక చిన్న వ్యాసం రాశాను. మనుషుల మధ్య సంబంధాలు ఎంత పలచబడ్డాయో చెప్పడానికి ఆ తల్లి చేతుల్ని ఉదాహరణగా వాడుకున్నాను. కూతుర్ని నాయికను చేశాను. తల్లిని ముద్దాయి అనలేదు గానీ, చదివినవాళ్లకు అలాగే అనిపించేట్టు రాశాను. చాలామంది బావుందన్నారు. స్త్రీవాదిని అని చెప్పుకునే నేను, ఒక స్త్రీని ఆమె జీవితంలోకెల్లా ఘోరమైన కొన్ని నిమిషాలతో కొలిచి తీర్పు చెప్పానని అప్పుడు నాకు తట్టలేదు.

తట్టేట్టు చేసింది మా రావివలసలో మా ఎదురింటి పెద్దావిడ. చాలా ఏళ్లు పలాసలో జీడి పిక్కల పనికి వెళ్లిన మనిషి. పిక్క తొక్కులోని జీడి నూనె తగిలి తగిలి ఆమె వేళ్లు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. ఆ వీడియో సంగతి నేనే కదిపాను. ఆమె వినీ వినగానే అంది: "ఆ మనిసి ఎలాగూ పోతన్నాడు. ఆ గుంటకి కూడా అంటుకుంటే ఆ తల్లికి ఇంకెవులున్నారమ్మా? నానైనా పట్టుకుందును. అందరూ తల్లి మీద పడతన్నారు గానీ, అక్కడ నిలబడి పోన్లో తీసినోడు ఓ సెంబుడు నీళ్లు ఎందుకు ఇవ్వనేదు?"

ఈ ప్రశ్న నా వ్యాసంలో లేదు. నేను చూసిన టీవీ చర్చల్లోనూ లేదు.

ఒక్కసారి ఆ దృశ్యాన్ని మళ్లీ ఆలోచించి చూడండి. ఫ్రేములో ఉన్నది చనిపోతున్న మనిషి, భార్య, కూతురు. అతన్ని రానివ్వని ఊరు ఫ్రేములో లేదు. రావలసిన అంబులెన్స్ లేదు. జ్వరంతోనే అంత దూరం ఇంటికి ప్రయాణం చేయక తప్పని కూలి బతుకు లేదు. కెమెరా పట్టుకున్న మనిషి ఎలాగూ ఉండడు. వీళ్లందరినీ తీసేశాక, నీళ్లకు అడ్డం నిలిచినట్టు కనిపించేది తల్లి ఒక్కతే. ఒక ఊరు, ఒక వ్యవస్థ చేసిన పని అంతా ఒక ఆడమనిషి రెండు చేతుల మీదికి వచ్చి పడింది. ఇది అబద్ధపు వీడియో కాదు. అందులో జరిగినదంతా నిజమే. కానీ నిజాన్ని ఎక్కడ కత్తిరించారన్నది కూడా ఒక అభిప్రాయమే. మనం ఆ అభిప్రాయాన్ని వార్త అనుకుని మింగేశాం.

కోవిడ్ కాలంలో మా ప్రాంతం ఇలా దేశం కంట్లో పడటం అదే మొదటిసారి కాదు. 2020 జూన్‌లో పలాసలో డెబ్భై రెండేళ్ల వృద్ధుడు చనిపోతే శవాన్ని జేసీబీ తొట్టెలో వేసి తరలించారు. వీడియో బయటికి వచ్చిన వెంటనే ముఖ్యమంత్రి స్పందించారు, మున్సిపల్ కమిషనర్‌నీ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నీ సస్పెండ్ చేశారు. 2021 ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన యాభై ఏళ్ల స్త్రీ పలాస-కాశీబుగ్గలో వైద్యం కోసం వచ్చి చనిపోయింది. వాహనం దొరక్క కొడుకూ అల్లుడూ ఆమె శవాన్ని మోటారు సైకిల్ మీద తమ మధ్య కూర్చోబెట్టుకుని బయల్దేరారు. ఆ దృశ్యమూ అన్ని చానళ్లలో తిరిగింది.

వీడియో లేకపోతే ఆ సస్పెన్షన్లు జరిగేవి కావు. అది నేను కాదనను. ఫోన్ చేతికి వచ్చాక అధికారులకు కొంచెమైనా భయం వచ్చిన మాట నిజం. కానీ శిక్ష పడిన వేగంతోనే వార్త కూడా ముగిసిపోతుంది. తప్పు ఇద్దరు ఉద్యోగులదైంది. శవాలను తీసుకెళ్లడానికి బండి లేని మున్సిపాలిటీ సంగతి, తగిన శిక్షణ లేకుండా ఆ పనికి దిగిన పారిశుద్ధ్య కార్మికుల సంగతి ఆ శిక్షతో పాటే మూతపడ్డాయి. మోటారు సైకిల్ మీద ఉన్న ఆమె బతికి ఉండగా ఎవరు, ఏ పని చేసేది, ఎన్ని రోజులు జ్వరంతో ఇంటిపని చేసింది అన్నది నేను చదివిన కథనాల్లో లేదు. శవమయ్యాకే ఆమె వార్త అయింది.

సుసాన్ సాంటాగ్ 1977లో ఫొటోగ్రఫీ మీద రాసిన పుస్తకంలో, బాధను చూపే బొమ్మలు పదేపదే చూస్తే మన స్పందన మొద్దుబారుతుందని అన్నది. 2003లో ఇతరుల బాధను చూడటం గురించి రాసిన పుస్తకంలో ఆ మాటను తానే తిరిగి ప్రశ్నించుకుంది. నా అనుభవం కూడా రెండో పుస్తకం వైపే ఉంది. కొయ్యానపేట వీడియో చూసి నేను మొద్దుబారలేదు, కదిలిపోయాను. సమస్య అక్కడే ఉంది. కదిలిపోవడమే ఒక పని చేసినట్టు అనిపించింది. ఏడ్చాక, పంపించాక, రాశాక నా బాధ్యత తీరిపోయినట్టనిపించింది.

వీడియోకి లొంగని బాధ కూడా ఒకటి ఉంది. ఉద్దానం కిడ్నీ వ్యాధి అలాంటిది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో దశాబ్దాలుగా మనుషులు పోతూనే ఉన్నారు. అందులో అరనిమిషంలో చూపించగలిగేది ఏమీ లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రాన్నీ రెండు వందల పడకల ఆస్పత్రినీ ప్రారంభించిన రోజు అది మళ్లీ పెద్ద వార్త అయింది. డయాలసిస్ మంచం మీద మనిషిని కెమెరా చూపిస్తుంది. ఆ మంచం దగ్గరికి వారంలో రెండుమూడుసార్లు మనిషిని తీసుకొచ్చి, ఆ రోజుల కూలి పోగొట్టుకుని, ఇంటికెళ్లి విడిగా ఉప్పు లేని కూర వండే ఆడమనిషి మంచానికి అటువైపు ఉంటుంది. ఆమె కూడా రోగి అయితే ఆ పని ఎవరు చేస్తారు? ఈ లెక్క ఏ బులెటిన్‌లోకీ ఎక్కదు.

ఇక 2025 నవంబర్ 1. కార్తీక ఏకాదశి, శనివారం. కాశీబుగ్గ వెంకటేశ్వర స్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. ఎనిమిది మంది స్త్రీలు, ఒక పిల్లవాడు. మెట్ల దగ్గర కమ్మీల మధ్య నలిగిపోతూ, పూజ సామాన్ల బుట్టలు పైకెత్తి పట్టుకుని, చేతులు చాపి అరుస్తున్న ఆడవాళ్ల వీడియోలు మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. ముఖాలు స్పష్టంగా తెలుస్తున్నాయి. లైంగిక దాడికి గురైన స్త్రీ వివరాలు బయటపెట్టకూడదని చట్టం ఉంది. ఊపిరాడక చనిపోతున్న స్త్రీ ముఖానికి అలాంటి రక్షణ ఏదీ మన వార్తాగదుల్లో నాకు కనిపించలేదు. పవిట జారిన, జుట్టు ఊడిన తమ తల్లిని ఆ పిల్లలు ఫోన్లో ఎన్నిసార్లు చూసి ఉంటారు?

తర్వాత చర్చలు జరిగాయి. అది ప్రైవేటు గుడి, అధికారులకు చెప్పలేదు, రావడానికీ పోవడానికీ ఒకటే దారి అన్నారు. ఇవన్నీ అడగవలసినవే. వాటితో పాటు ఇంకో మాట కూడా నా చెవిన పడింది. ఈ ఆడవాళ్లకి ఇంత భక్తి ఎందుకు, ఇంట్లో దండం పెట్టుకుంటే చాలదా అని. చదువుకున్నవాళ్లే అన్నారు.

మా ఊళ్లో ఎండల మల్లికార్జున స్వామి ఉన్నాడు. పైకప్పు లేకుండా ఎండలో ఉండే దేవుడు. కార్తీక సోమవారాల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో, కాలినడకన వస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ గుంపులో ఒకదాన్నై చూశాను. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని ఎవరూ అడగకుండా ఆడది ఇల్లు దాటగలిగిన కొద్ది రోజుల్లో అవి కొన్ని. పుట్టింటి ఊరి మనిషి కనిపిస్తుంది. పెళ్లయి వెళ్లిన చిన్ననాటి స్నేహితురాలు కనిపిస్తుంది. దీపం పెట్టాక చెట్టు కింద కూర్చుని ఒక గంట తమ మాటలు తాము మాట్లాడుకుంటారు. అది భక్తా, విడుదలా అని విడదీసి చెప్పడం నాకు చేతకాదు. కాశీబుగ్గ వెళ్లినవాళ్లు కూడా ఇలాంటివాళ్లే అయి ఉంటారని నేననుకుంటాను. ఆడవాళ్లు ఎక్కువగా వస్తారని తెలిసిన రోజున, ఆ రాకకు తగిన దారి ఎందుకు వెయ్యరన్నది అసలు ప్రశ్న. దాన్ని ఆడవాళ్ల మూఢత్వం మీదికి తిప్పడం, కొయ్యానపేట తల్లి చేతుల మీదికి తిప్పినట్టే ఉంది.

వార్తలకే కాదు, ప్రభుత్వానికి కూడా ఆడవాళ్ల ముఖాలు కావాలి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఫోన్ యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు పని జరిగే చోటే ఫొటో తియ్యాలన్నారు. మన రాష్ట్రంలో ఆ పనికి వెళ్లినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. చెరువు గట్టు మీద, ఎండలో, పని ముగిశాక కూడా రెండో ఫొటో కోసం వరసగా నిలబడ్డ ఆడవాళ్లను నేను చూశాను. సిగ్నల్ రాదు. మేటు ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరుగుతాడు. ఫొటో ఎక్కకపోతే మస్టరు లేదు, మస్టరు లేకపోతే కూలి లేదు. పలుగూ పారా పట్టిన చెయ్యి సాక్ష్యం కాదు, ముఖమే సాక్ష్యం. ఆ ముఖం నోరు తెరిచి "నిన్నటి కూలి పడలేదు" అంటే వినే మీట ఆ కూలిదాని చేతిలో లేదు.

అంటే తప్పు యంత్రానిదని నేననడం లేదు. మన దగ్గరే వేరే ఉదాహరణలున్నాయి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్‌రికార్డర్ పట్టుకెళ్లారు. వాళ్ల మాటలు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వచ్చాయి. నాయకులు రాసిన చరిత్రల్లో లేని కాన్పులు, వదిలేసిన పిల్లలు, పోరాటం అయ్యాక తిరిగి వంటింట్లోకి పంపిన అవమానం ఆ గొంతుల్లోంచే బయటికి వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకం ఆడవాళ్ల చేతికి వచ్చింది, వాళ్లు సారా మీద తిరగబడ్డారు, పత్రికలు వాళ్ల వెనక నడిచాయి. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోని దళిత స్త్రీలే నడిపారు. విత్తనాల గురించి వాళ్లే అడిగారు, వాళ్లే చెప్పారు.

ఈ మూడింటిలోనూ యంత్రమో అచ్చో ఉంది. తేడా ఎక్కడుందంటే, మాట్లాడే మనిషికి తను మాట్లాడుతున్నానని తెలుసు. ఎవరితో, ఎందుకు అన్నది కూడా తెలుసు. కావాలంటే చెప్పడం ఆపెయ్యగలదు. కొయ్యానపేట తల్లికి ఆ మూడింట్లో ఒక్కటీ లేదు.

మరి నేనేం చెయ్యాలి? కొయ్యానపేట వెళ్లి ఆమెను కలవాలని ఒకప్పుడు అనుకున్నాను. వెళ్లలేదు. తీర్పు చెప్పినదాన్ని ఇప్పుడు క్షమాపణ పేరుతో ఇంకో వ్యాసం ఏరుకోవడానికి వెళ్తే, అదీ ఫోన్ పట్టుకుని నిలబడటమే అవుతుంది. ఆమెకు నాతో మాట్లాడాలన్న అవసరం ఏమీ లేదు. కనుక నా వ్యాసాన్ని నా సంకలనంలోంచి తీసేశాను. దాని బదులు ఇది రాస్తున్నాను. రాసే స్త్రీలుగా మనం ఇకముందు ఒక దృశ్యం చూసి ఆ రాత్రే కవిత రాసేముందు, ఫ్రేములో లేనివాళ్లు ఎవరని ఒక్కసారి లెక్కపెట్టుకుందాం. ఫ్రేములో ఉన్న ఆడమనిషి మాట మనకు తెలియకపోతే, ఆమె తరఫున ఊహించకుండా తెలియదనే రాద్దాం.

మొన్న ఈ వ్యాసం సంగతి మా ఎదురింటి పెద్దావిడకు చెప్పాను. ఆమె మాట ఇందులో రాస్తానని అడిగాను. "రాయమ్మా, నా పేరెట్టకు" అంది. కాసేపాగి, "పోటో అయితే అసలే వద్దు" అంది. అందుకే రెండూ ఇక్కడ లేవు.