నేల మీద కూర్చునే విద్య

శుక్రవారం సాయంత్రాలు బహ్రెయిన్‌లోని జల్లాఖ్ సముద్రపు ఒడ్డున చాపలు పరుస్తాం. టిఫిన్ డబ్బాలు తెరిచేలోపు ఎవరెలా కూర్చుంటారో చూడటం నాకు అలవాటు. తాపీపని చేసే సిరిసిల్ల తమ్ముడు మడమలు ఇసుకలో ఆనించి గొంతుక్కూర్చున్నాడంటే చాలాసేపు కదలడు. ట్రైలర్ నడిపే జగిత్యాల అన్న మాత్రం ఒక చెయ్యి నేలకి ఊని, ఇంకో చెయ్యి నడుముకి పెట్టి, ‘అమ్మా’ అంటూ దిగుతాడు. వయసు ఇద్దరికీ ముప్పై అయిదు దాటలేదు. తేడా తుంటి దగ్గర ఉంది.

మన పెద్దవాళ్ళు దీన్నొక విద్య అనుకోలేదు. భోజనానికి బాసింపట్టు (సిరిసిల్ల తమ్ముడి మాటలో సక్లంముక్లం), పాలు పితకడానికీ అంట్లు తోమడానికీ గొంతుక్కూర్చోవడం, వినాయకుడి ముందు గుంజీళ్ళు, తాలింఖానాలో బస్కీలు. తెల్లారింది మొదలు తుంటి పూర్తిగా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండేది.

పిరుదులో పైపొరగా ఉండే గ్లూటియస్ మాక్సిమస్ ఒంట్లోకెల్లా పెద్ద కండరం. చదును నేల మీద మెల్లగా నడిచేటప్పుడు దానికి పెద్ద పనిలేదు. మెట్లెక్కాలన్నా, పరిగెత్తాలన్నా, కూర్చున్నచోటి నుంచి లేవాలన్నా అప్పుడు నడుం బిగిస్తుంది. కుర్చీలోంచి లేస్తే దానికి సగం పనే, నేల మీంచి లేస్తే పూర్తి పని. నిలబడి పిరుదు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి, మెత్తగా కండే తగులుతుంది. చెయ్యి తియ్యకుండా కూర్చోండి. కండ పైకి జరిగిపోయి గట్టి ఎముక అరచేతికి గుచ్చుకుంటుంది. మనం కూర్చునేది ఆ ఎముక మీద.

పక్కన, కాస్త లోపలగా, గ్లూటియస్ మీడియస్, మినిమస్ అనే కండరాలు ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు రెండో వైపు తుంటి వాలిపోకుండా పట్టుకునేవి అవే. 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ ఈ వాలడాన్నే రోగలక్షణంగా వర్ణించాడు. డాక్టర్లు ఇప్పటికీ రోగిని ఒంటికాలి మీద నిలబెట్టి చూస్తారు.

అసలు కథ ఇంకా లోతున ఉంది. వెన్ను చివర ఉన్న త్రికాస్థి నుంచి తొడ ఎముక పైభాగం దాకా అడ్డంగా పాకే చిన్న కండరం పిరిఫార్మిస్. దాని కిందుగా సయాటిక్ నరం బయటికొస్తుంది. అయిదు నరాల వేళ్ళు కలిసిన నరం అది, ఒంట్లో అన్నిటికన్నా లావు, మొదట్లో బొటనవేలంత వెడల్పు. కొందరిలో నరం కిందినుంచి రాదు, ఆ కండరాన్నే చీల్చుకుని దిగుతుంది. ఇలాంటి అమరికలను 1937లో బీటన్, ఆన్సన్ ఆరు రకాలుగా విడగొట్టారు. పిరుదుకి సూది వేసేటప్పుడు నర్సమ్మ పైన బయటి మూలనే వెతుక్కోవడం ఈ నరానికి దూరంగా ఉండటానికే. నరం నొక్కుకుంటే నొప్పి తొడ వెనక నుంచి పాదం దాకా లాగుతుంది. ఆయుర్వేదం దీన్ని గృధ్రసి అంది. గృధ్రం అంటే రాబందు. జగిత్యాల అన్న నడక చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో అడగక్కర్లేదు.

ఆయన వెనక జేబులో పర్సుంది. సీపీఆర్ గుర్తింపు కార్డు, లైసెన్సు, నెలల నాటి బిల్లులు కలిసి ఇటుకంత అయింది. దాని మీద గంటల తరబడి కూర్చుంటే తుంటి ఒకవైపు ఎత్తవుతుంది, కింద నరం నలుగుతుంది.

గుంజీళ్ళలో కిటుకు దిగడంలో ఉంది. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వెనక పీట ఉందనుకుని తుంటిని వెనక్కి తోస్తూ నెమ్మదిగా దిగాలి. మడమలు లేవకూడదు, మోకాళ్ళు కాలివేళ్ళు చూసే వైపే చూడాలి. అలా దిగేటప్పుడు మాక్సిమస్ సాగుతూనే బరువు మోస్తుంది. బడిలో పంతులుగారి బెత్తానికి భయపడి గబగబా తీసినవి లెక్కలోకి రావు. కూచిపూడి అరమండిలోనూ ఇదే సూత్రం. కాళ్ళు విచ్చుకోవాల్సింది తుంటి కీలు దగ్గర, పిరిఫార్మిస్‌తోపాటు అక్కడున్న చిన్న కండరాల గుంపుతో. పాదాలు మాత్రం తిప్పి సరిపెట్టుకున్న పిల్లకి మోకాళ్ళ నొప్పి తప్పదు.

అలాగని గొంతుక్కూర్చోవడాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కదలకుండా మరీ ఎక్కువసేపు కూర్చుంటే మోకాలి బయటివైపు నరం నొక్కుకుని పాదం పైకి లేవకుండా పోవచ్చు. మోకాళ్ళు అరిగినవాళ్ళకి, కీలు మార్పిడి అయినవాళ్ళకి డాక్టరు చెప్పందే వద్దు. మా అమ్మమ్మ పీట మీద కూర్చున్నా క్షణానికోసారి ఉప్పుకో నీళ్ళకో లేచేది. ఆవిడ తుంటిని కాపాడింది ఆ లేవడమే అని నా నమ్మకం.

జగిత్యాల అన్న పర్సు ముందు జేబులోకి మార్చాడు. బండి మెట్టు పట్టుకుని సగం గుంజీళ్ళు తీస్తున్నాడు. “తగ్గిందా అన్నా?” అంటే, “నొప్పి జర తక్వనే. పర్సు ముందటికొచ్చినంక పైసలెంత తక్వున్నయో కనవడ్తున్నది” అన్నాడు.

ఒక్కటి మాత్రం మరవకండి. పిరుదుల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా గుంజీళ్ళూ నూనెలూ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. బహ్రెయిన్‌లో అంబులెన్స్ నంబరు 999.