కుదరదంటే సాక్ష్యం చూపాలి

నౌపడ జంక్షన్ నుంచి రైలు మూడు వైపులకు వెళ్తుంది. ఉత్తరాన పూండి, దాని తర్వాత పలాస. దక్షిణాన కోటబొమ్మాళి. మూడోది టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే లైను. 1900లో పర్లాకిమిడి సంస్థానం నడిపించిన చిన్న రైలు దారే ఈ శతాబ్దంలో బ్రాడ్‌గేజ్ అయింది. హాల్టులను వదిలేసి నౌపడ, పూండి, కోటబొమ్మాళి, టెక్కలి అనే నాలుగు స్టేషన్లనే తీసుకుందాం. పక్కపక్కనున్న స్టేషన్లను రెండేసి చొప్పున జతచేయాలి. ఏ స్టేషనూ రెండు జతల్లో ఉండకూడదు, ఏదీ మిగిలిపోకూడదు. నాలుగంటే సరిసంఖ్యే కదా, రెండు జతలు రావాలి. కానీ ఎంత ప్రయత్నించినా రావు.

ఎందుకు రావో ఒక్క మాటలో చెప్పొచ్చు. నౌపడను కాసేపు పక్కన పెడితే మిగిలేవి మూడు విడి ముక్కలు, ముక్కకొక స్టేషను. ఒక్కటే ఉన్న ముక్క తనలో తాను జతకట్టుకోలేదు, దానికి నౌపడే దిక్కు. అడిగేవి మూడు, ఉన్నది ఒక్క నౌపడ. ఇంక ప్రయత్నించి చూడాల్సింది ఏమీ లేదు.

ఈ చిన్న తర్కాన్ని ఎంత పెద్ద అల్లికకైనా వర్తింపజేశారు విలియం టట్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల లోరెంజ్ సంకేత యంత్రాన్ని కళ్లతో చూడకుండానే దాని నిర్మాణాన్ని 1942లో ఊహించి పట్టుకున్న గణితవేత్త ఆయన. చుక్కలూ, వాటిని కలిపే గీతలూ ఉన్న బొమ్మను గ్రాఫ్ అంటాం. అందులోంచి కొన్ని చుక్కలను తీసేశాక మిగిలే బేసి ముక్కలు, అంటే బేసి సంఖ్యలో చుక్కలున్న ముక్కలు, తీసేసిన చుక్కల కన్నా ఎక్కువైతే అన్నిటికీ జత కుదరదు. ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. టట్ 1947లో నిరూపించింది దీని రెండో సగాన్ని. జత కుదరని ప్రతి గ్రాఫ్‌లోనూ అలాంటి చుక్కల గుంపు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. అంటే కుదిరితే జతలను చూపించవచ్చు, కుదరకపోతే ఆ గుంపును చూపించవచ్చు. రెండింటికీ సాక్ష్యం ఉంది.

ఈ సంప్రదాయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఇదే. అవునన్నవాడు ఎలాగూ చేసి చూపిస్తాడు. కాదన్నవాడు కూడా ఎదుటివాడు తనంతట తాను సరిచూసుకోగల ఆధారాన్ని బల్లమీద పెట్టాలి. ఈ క్రమశిక్షణను ప్రపంచంలోని తరగతి గదులకు పుస్తకరూపంలో చేరవేసిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు. ఆయన ఉప్పలూరి శివ రామచంద్ర మూర్తి, గణిత లోకానికి యు.ఎస్.ఆర్. మూర్తి. 1967లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) నుంచి పీహెచ్‌డీ పొందారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కాంబినటోరిక్స్, ఆప్టిమైజేషన్ విభాగంలో పాఠం చెప్పి, పరిశోధించి, ఎమెరిటస్ ప్రొఫెసర్ అయ్యారు. టట్ 1962లో చేరిన విశ్వవిద్యాలయమే అది, ఆ విభాగం ఏర్పడింది 1967లో. 'జర్నల్ ఆఫ్ కాంబినటోరియల్ థియరీ' బి-సిరీస్‌కు మూర్తి సంపాదకత్వమూ వహించారు. ఆ రంగంలో కొత్త ఫలితం సాధించినవాళ్లు మొదట తలుచుకునే పత్రికల్లో అదొకటి.

పలాస వాళ్లకు కలకత్తా దూరపు ఊరు కాదు. ఈ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతం నుంచి ఖరగ్‌పూర్‌కో, కలకత్తాకో, ఒకప్పుడైతే రంగూన్‌కో పనికి పోయినవారు లేని వీధి అరుదు. విశాఖ నుంచి కలకత్తాకు రైలు దారి కూడా మన పలాస మీదుగానే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1940లో గణిత ఎం.ఏ. ముగించిన సి.ఆర్. రావు ఉద్యోగ ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు గానీ అక్కడ పరిచయమైన ఒకరి ద్వారా ఐఎస్‌ఐ గురించి తెలుసుకుని 1941 జనవరిలో అందులో చేరారు. గణాంకశాస్త్రంలో ఆయన పేరు అందరికీ తెలుసు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాలను పరీక్షించేలా వరసలనూ నిలువులనూ పేర్చే ఆర్థోగోనల్ అరేలు 1940లలో ఆయన చేతిలోనే రూపుదిద్దుకున్నాయన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. అది అచ్చమైన కాంబినటోరిక్స్. ఆ సంస్థలోనే పనిచేసిన ఆర్.సి. బోస్, 1959లో శ్రీఖండే, పార్కర్‌లతో కలిసి, ఆయిలర్ 1782లో వేసిన ఒక అంచనా తప్పని తేల్చారు. యు.ఎస్.ఆర్. మూర్తి పరిశోధనకు మార్గదర్శి సి.ఆర్. రావే. గ్రాఫ్ థియరీలో పనిచేసి తర్వాత ఐఎస్‌ఐ డైరెక్టరైన ఎస్.బి. రావు కూడా తెలుగువారే. లెక్కించడం, పేర్చడం, ఇంతకు మించి కుదరదని తేల్చడం అనే మూడు పనులూ ఆ ప్రాంగణంలో ఒకే చదువుగా సాగాయి.

మూర్తి థీసిస్ ఎక్స్‌ట్రీమల్ గ్రాఫ్ థియరీలో. ఒక షరతుకు కట్టుబడి ఎన్ని గీతలు గీయవచ్చు, ఎన్నిటికి తగ్గకూడదు అన్న రకం ప్రశ్నలవి. ఆయన పేరు నిలిచిపోయిన ఒక ప్రశ్నను మన బస్సుల్లోకి తెచ్చుకుందాం. ఆరు ఊళ్లున్నాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా నేరుగానో, ఒక్కసారి బస్సు మారో చేరగలగాలి. పైగా ఏ ఒక్క రూటును రద్దు చేసినా ఈ సౌకర్యం చెడిపోవాలి, అంటే అనవసరమైన రూటు ఒక్కటీ ఉండకూడదు. గరిష్ఠంగా ఎన్ని రూట్లు నడపొచ్చు? పలాస, టెక్కలి, సోంపేటలను ఒక పక్కా, మందస, కవిటి, వజ్రపుకొత్తూరులను మరో పక్కా పెట్టి, ఈ పక్కనున్న ప్రతి ఊరినీ ఆ పక్కనున్న ప్రతి ఊరితో కలపండి. తొమ్మిది రూట్లు. పలాస నుంచి టెక్కలికి మందసలో మారితే చాలు. పలాస-మందస రూటు తీసేశారో, మూడు బస్సులెక్కితే గానీ పలాసవాడు మందస చేరడు. ఊళ్ల సంఖ్యను వర్గం చేసి నాలుగుతో భాగిస్తే వచ్చేదాన్ని మించి రూట్లు ఎప్పటికీ సాధ్యం కాదన్నది మూర్తి-సైమన్ ఊహ. చుక్కల సంఖ్య చాలా పెద్దదైనప్పుడు ఇది నిజమని ఫ్యురెడి 1992లో నిరూపించాడు. అన్ని సంఖ్యలకూ కలిపి చూస్తే ఇంకా ఊహే. ప్రశ్న పదో తరగతి పిల్లకు అర్థమవుతుంది, జవాబు కోసం అర్ధ శతాబ్దానికి పైగా పెద్దపెద్ద వాళ్లు తలపట్టుకున్నారు. కాంబినటోరిక్స్ అంతటా ఇదే తీరు.

మూర్తి పాఠం చెప్పే పద్ధతి తెలియాలంటే జె.ఎ. బాండీతో కలిసి 1976లో ప్రచురించిన 'గ్రాఫ్ థియరీ విత్ అప్లికేషన్స్' తెరవాలి. మన విశ్వవిద్యాలయాల్లో ఈ పేపరు చదివిన ఎం.ఎస్సీ. విద్యార్థులు చాలామంది 'బాండీ-మూర్తి' అనే జంటపేరుతోనే దాన్ని గుర్తుపెట్టుకుంటారు. ప్రతి అధ్యాయంలో ముందు సిద్ధాంతం, చివర అది పనికొచ్చే చోట్లు. టైంటేబుల్ వేయడం, కలిపి పెడితే ప్రమాదమైన రసాయనాలను వేర్వేరు గదుల్లో నిల్వ చేయడం, ఊరి రోడ్లన్నిటినీ వన్‌వే చేయడం, ఎవరికి ఏ పని అప్పగించాలో తేల్చడం వంటివి. అభ్యాసాల్లో కష్టమైనవాటికి నక్షత్రం గుర్తు ఉంటుంది, వాటికి పుస్తకం వెనక సూచనలుంటాయి. సూచనలే సుమా, పూర్తి జవాబులు కావు. ఆపైన అప్పటికి పరిష్కారం కాని సమస్యల జాబితా. ఇప్పుడే అక్షరాలు నేర్చినవాడి చేతికి ఎవరూ తేల్చని ప్రశ్నను ఇవ్వడానికి ఉపాధ్యాయుడికి శిష్యుడి మీద ఎంతో గౌరవం ఉండాలి.

పని అప్పగింతను పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలోనే చూద్దాం. పిక్కలు ఉడికించడం, కోయడం, పైపొర ఒలవడం, గ్రేడింగ్, ప్యాకింగ్ అని ఐదు పనులు, ఐదుగురు మనుషులు. ఎవరికి ఏవి వచ్చో రాసుకున్నాం. తలా ఒక పని వచ్చేలా సర్దగలమా? ఐదుగురిలో ముగ్గురికి ఒలవడం, గ్రేడింగ్ తప్ప ఇంకేమీ రాదనుకోండి. ముగ్గురు మనుషులకు రెండే పనులు, కాబట్టి కుదరదు. కుదరనప్పుడల్లా సరిగ్గా ఇలాంటి ఇరుకే కారణమని ఫిలిప్ హాల్ 1935లో చూపించాడు. ఏ గుంపును తీసుకున్నా వాళ్లకు వచ్చిన పనుల సంఖ్య వాళ్ల సంఖ్యకు తగ్గకపోతే సర్దుబాటు ఖాయం. ఇక్కడ మేస్త్రి "ఎలా చూసినా అవ్వట్లేదు" అని ఊరుకుంటే అది జవాబు కాదు, ఆ ముగ్గురి పేర్లు రాసి చూపిస్తే జవాబు. అందులోనే మందు కూడా ఉంది. ఆ ముగ్గురిలో ఒకరికి కోత నేర్పిస్తే ఆ ఇరుకు తొలగుతుంది.

వన్‌వే సమస్యకు జవాబు రాబిన్స్ 1939లో ఇచ్చాడు. తీసేస్తే ఊళ్లు రెండుగా తెగిపోయే రోడ్డు ఒక్కటీ లేకపోతే, అన్నిటినీ వన్‌వే చేసినా ఎక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్లి రావచ్చు. అలాంటిది ఒక్కటున్నా కుదరదు, ఆ రోడ్డే సాక్ష్యం. తెగితే రెండయ్యే గీతను ఈ శాస్త్రంలో వంతెన అంటారు. నౌపడ-గుణుపురం లైనులో ఏ రెండు స్టేషన్ల మధ్య చూసినా అలాంటి వంతెనే.

ఇక్కడ కాస్త ఆగాలనిపిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, విరిగిన చెట్లతో రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఊళ్లన్నిటినీ అతి తక్కువ ఖర్చుతో కలిపే అల్లిక ఏదన్న ప్రశ్నను బొరూవ్కా 1926లో దక్షిణ మొరావియాకు విద్యుత్తు ఇవ్వడం కోసం సాధించాడు. అలాంటి అల్లికను గ్రాఫ్ థియరీలో చెట్టు అంటారు. అది చవకైనదే, కానీ అందులో ప్రతి గీతా వంతెనే, ఒక్క చోట తెగితే అవతలి వైపంతా చీకటి. చవకదనం ఎంతో, తెగకుండా నిలిచే శక్తి ఎంతో రెంటినీ పక్కపక్కన పెట్టి బేరీజు వేయాలి. బాండీ-మూర్తి మూడో అధ్యాయంలో నమ్మకమైన అల్లికల నిర్మాణం ప్రత్యేకంగా ఉన్నది అందుకే. నేరు దారి లేని రెండు ఊళ్ల మధ్య, నడుమ ఎక్కడా ఒకదానితో ఒకటి కలవని దారులు గరిష్ఠంగా ఎన్ని ఉన్నాయో, ఆ రెంటినీ విడదీయడానికి కనీసం అన్ని మధ్య ఊళ్లు స్తంభించాలని మెంగర్ 1927లో నిరూపించాడు. కిడ్నీ జబ్బులతో అల్లాడిన ఉద్దానానికి ఇప్పుడు హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు వస్తున్నాయి. ఇలాంటి పైపులైను ఎక్కడ తెగితే ఎన్ని ఊళ్లకు నీరాగుతుందో ముందే గీసి చూసుకోవడానికి డిగ్రీ స్థాయి గణితం సరిపోతుంది. మన కాలేజీల్లో ప్రాజెక్టు వర్కు కోసం ఇంతకన్నా దగ్గరి విషయం ఉందని నేననుకోను.

మూర్తి తర్వాతి పరిశోధన చాలావరకు మళ్లీ జతల దగ్గరికే వచ్చింది. ఇంటర్ కెమిస్ట్రీలో బెంజీన్‌కు రెండు బొమ్మలు గీస్తాం. ఆరు కార్బన్ల వలయంలో డబుల్ బాండ్లను రెండు విధాలుగా పెట్టవచ్చు. ఆ రెండూ షడ్భుజిలో రెండు సంపూర్ణ జతకట్లు. ప్రతి గీతా ఏదో ఒక జతకట్టులో వస్తోంది, పనికిరాని గీత లేదు. అలాంటి కనెక్టెడ్ గ్రాఫ్‌లనే మ్యాచింగ్ కవర్డ్ గ్రాఫ్‌లు అంటారు. వాటిని అర్థం చేసుకోవడానికి రెండు పనిముట్లున్నాయి. ఒకటి కట్టే పద్ధతి. ఒక్క గీతతో మొదలుపెట్టి, బేసి పొడవున్న దారులను ఒక్కొక్కటిగానో జంటగానో చెవుల్లా అతికిస్తూ పోవడం. రెండోది విడదీసే పద్ధతి. రెండు పక్కలా ఒకటికి మించి చుక్కలుండి, ప్రతి సంపూర్ణ జతకట్టూ సరిగ్గా ఒకే గీతతో దాటే కోత ఏదైనా ఉందేమో వెతకాలి. దొరికితే ఆ కోతకు ఒక పక్కనున్న చుక్కలన్నిటినీ ఒకే చుక్కగా నొక్కేయాలి, విడిగా రెండో పక్కను కూడా. ఒక గ్రాఫ్ రెండు చిన్న గ్రాఫ్‌లవుతుంది. ఇక కోయలేని దశకు వచ్చేసరికి మిగిలేవి బ్రేసులు (మన బస్సు రూట్లలా రెండు పక్కల మధ్యే గీతలున్నవి), బ్రిక్కులు (అలా రెండు పక్కలు చేయలేనివి). సంఖ్యను ఏ దారిలో విడగొట్టినా అవే ప్రధాన సంఖ్యలు వచ్చినట్టు, కోతలు ఏ వరసలో వేసినా చివరికి అవే బ్రేసులూ బ్రిక్కులూ వస్తాయని లోవాస్ 1987లో చూపించాడు. ఒకే చోట రెండుమూడు గీతలు పడినా వాటిని ఒకటిగా లెక్కేయాలి, అంతే తేడా.

లోవాస్ అప్పుడే ఒక ఊహ కూడా చేశాడు. మూడింటిని మినహాయిస్తే, ప్రతి బ్రిక్కులోనూ తీసేయదగిన గీత ఒకటుంటుంది. దాన్ని తీసేసినా ప్రతి గీతా పనికొచ్చేదిగానే ఉంటుంది, విడదీస్తే ఒకే ఒక్క బ్రిక్కు వస్తుంది. ఆ మూడు మినహాయింపులు ఏవంటే, నాలుగు చుక్కల సంపూర్ణ గ్రాఫ్, ఆరు చుక్కల త్రిభుజ పట్టకం, పది చుక్కల పీటర్సన్ గ్రాఫ్. బ్రెజిల్‌కు చెందిన కార్వాల్యో, లుక్కేసిలతో కలిసి మూర్తి ఈ ఊహను 2002లో రెండు వ్యాసాల్లో నిరూపించారు. పెద్ద బ్రిక్కు గురించి ఏదైనా చెప్పాలంటే ఒక గీత తీసి చిన్నదానికి దిగవచ్చు, అక్కడ రుజువు చేసి వెనక్కి రావచ్చు. అందుకే ఈ రంగంలో తర్వాత వచ్చిన ఎన్నో నిరూపణలకు అది మెట్టు అయింది. 2024లో లుక్కేసి, మూర్తి ఈ సిద్ధాంతాన్నంతా సంపూర్ణ జతకట్ల మీద ఒక పెద్ద పుస్తకంగా వెలువరించారు. థీసిస్‌కూ ఈ పుస్తకానికీ మధ్య 57 ఏళ్లు. ఒక మనిషి ఒకే శాస్త్రంలో ఇంతకాలం నిలబడి, చివర్లో మళ్లీ విద్యార్థుల కోసం మొదటి నుంచి రాయడానికి కూర్చోవడం నాకు చాలా గొప్ప విషయంగా తోస్తుంది.

పీటర్సన్ గ్రాఫ్‌ను ఎవరైనా గీయవచ్చు. బయట ఒక ఐదుభుజాల వలయం, లోపల ఐదు మొనల నక్షత్రం, బయటి ప్రతి చుక్కనూ లోపలి దాని జోడుతో కలిపే ఐదు గీతలు. మొత్తం పదిహేను గీతలు. సంపూర్ణ జతకట్లు ఆరు, ప్రతి గీతా సరిగ్గా రెండింటిలో వస్తుంది. ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు సూత్రాలుగా బట్టీపట్టి వచ్చిన పిల్లలకు ముందు ఈ బొమ్మ ఇచ్చి ఆరింటినీ వెతకమనాలి. ఏడోది ఎందుకు లేదో రాసి చూపించమనాలి. ఆ తర్వాత బాండీ-మూర్తి ఐదో అధ్యాయం మొదలుపెట్టవచ్చు. 1976 నాటి ఆ పుస్తకాన్ని సొంత చదువు కోసం ఎవరైనా ఉచితంగా దించుకునే వీలు రచయితలే కల్పించారు. హాల్, టట్ సిద్ధాంతాలు రెండూ ఆ అధ్యాయంలోనే ఉన్నాయి.