అపార్థగేయములు – బొమ్మల పుస్తకములు

కావ్యదోషములను లెక్కించుచు దండి 'అపార్థ'మను దోషమును చెప్పి, వెంటనే దాని కొక మినహాయింపును గూడ చెప్పినాడు. విడివిడిగా పదముల కర్థ మున్నను, అన్నియు కలిసి ఒక్క యర్థము నీయని వాక్యము అపార్థము. అది దోషమే. అయినను ఉన్మత్తుల మాటలయందును, మత్తుల మాటలయందును, బాలుర మాటలయందును అది దోషము కాదు. అతనికి ఎన్నో శతాబ్దములకు పూర్వమే పతంజలి మహాభాష్యమునందు అనర్థకమైన పదసముదాయమునకు ఉదాహరణముగా దానిమ్మపండ్లను, అపూపములను, మేకతోలును ఒకదాని ప్రక్క నొకటి పేర్చి చూపినాడు. వైయాకరణుడు తప్పునకు చూపిన యీ జాబితాను నాలుగేండ్ల పిల్ల విన్నచో చప్పట్లు కొట్టి మరల చెప్పుమనును. పెద్దలకు దోషమైనది పిల్లలకు ఆనందహేతు వెట్లగుచున్నది? ఆ యానందమును బొమ్మ పట్టగలదా? ఈ రెండవ ప్రశ్నయే యిచ్చట నాకు ముఖ్యము.

తెలుగున ఇట్టి గేయములకు కొదవ లేదు. చింతా దీక్షితులుగారు వీనిని శ్రద్ధతో చూచిన తొలివారిలో నొకరు. గిడుగు వేంకట సీతాపతిగారు పిల్లలకై స్వయముగా పాటలు కట్టిరి. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో వెలువడిన పిదప జానపదగేయ పరిశోధనకు విశ్వవిద్యాలయములలో గౌరవస్థానము లభించినది. కాని మన పరిశీలన యంతయు పాట యొక్క మాటలను గూర్చియే. ఆ పాట పుస్తకమై, రంగుల బొమ్మలతో అంగడికెక్కి, పసివాని యొడిలో పడిన తరువాత దాని కేమగుచున్నదో విచారించుట మనకు తక్కువ.

హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారము ప్రాంతము లీ విచారణకు తగిన క్షేత్రములు. వరంగల్లు బాట నగరమును విడుచు చోట ఉప్పల్ ఉన్నది. నాచారము పారిశ్రామికవాడ. కర్మాగారములలో పనికై నల్లగొండ, వరంగల్లు పల్లెలనుండి వచ్చినవారును, ఉద్యోగములకై కృష్ణా గోదావరి మండలములనుండి వచ్చినవారును ఇచ్చట ఒకే వీధిలో, ఒకే మేడలోని పై క్రింది వాటాలలో కాపురములు చేయుచున్నారు. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలకసంఘము మహానగరపాలక సంస్థలో కలిసినది; 2017లో మెట్రోరైలు వచ్చినది. బడుల కెదుట కాగితములు, కలములు అమ్ము అంగడి లేని వీధి అరుదు. ఆ యంగళ్ళలో అక్షరమాలల ప్రక్కన తెలుగు బాలగేయముల బొమ్మల పుస్తకములు వ్రేలాడుచుండును. కొన్ని దళసరి అట్టపుటలవి, కొన్ని నున్నని కాగితపువి. వాని ప్రక్కనే వానికి మూడింతలుగా ఆంగ్లగేయముల పుస్తకములు.

ఈ తెలుగు పుస్తకములను తిరగవేసినచో మొదట కానవచ్చు లక్షణ మొకటి గలదు. చిత్రకారుడు పాటను చదివి, అందలి నామవాచకములను ఏరుకొని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క బొమ్మ వేయును. చిలుక యన్న చిలుక, పువ్వన్న పువ్వు. చందమామ యన్నచో కన్నులు, ముక్కు, చిరునవ్వు గల గుండ్రని మొగము. ఇది చిత్రణము కాదు, నిఘంటువు. నామవాచకమును బొమ్మగా మార్చుట అక్షరమాలకు తగిన పని. అపార్థగేయమున నామవాచకములు అర్థము కొరకు రావు. ప్రాస కొరకు, తాళము కొరకు, ముందు మాటను త్రోసిపుచ్చి తామెక్కి కూర్చుండుట కొరకు వచ్చును. వానను పిలుచు పాటలోని వల్లప్ప ఎవరు? అతని కొక తలపాగాయు, గొడుగును, మీసమును తగిలించి పుట మధ్య నిలిపినచో, పాటలో గిరగిర తిరుగవలసిన పిల్ల ఆగి యా మీసములను చూచును. ఆట ఆగిపోవును. వల్లప్ప మనుష్యుడు కాడు, తిరుగుటకు సాయపడు నొక ధ్వని.

'కాళ్ళాగజ్జీ' విషయమున ఈ చిక్కు మరింత స్పష్టము. పిల్లలు వరుసగా కాళ్ళు చాచి కూర్చుందురు. ఒకరు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాలిని తాకుచు పోదురు. చివరి మాట ఏ కాలిమీద పడునో ఆ కాలిని ముడువవలెను. అనగా పాట యొక్క అన్వయము వాక్యములో లేదు, కాళ్ళ వరుసలో నున్నది. దీనిని మరచినవారు రెండు త్రోవలు త్రొక్కినారు. కొందరు 'గజ్జె' యను పాఠమును గ్రహించి పాదములకు నగ పెట్టించినారు. మరికొందరు 'గజ్జి' యను పాఠమును గ్రహించి, ఈ పాట చర్మవ్యాధికి పూర్వులు చెప్పిన చికిత్స యనియు, ఇందు వచ్చు ప్రతి వస్తువు ముందుదానితో నయము కానిచో వాడవలసిన మరొక మందనియు వివరించుచున్నారు. ఈ రెండవ వ్యాఖ్య యిటీవల బహుళప్రచారము పొందినది. పెద్దల కెంతో నచ్చినది. నచ్చుటకు కారణము స్పష్టమే. అర్థము లేనిదానిని పిల్లల కిచ్చుట పెద్దలకు సిగ్గు. వైద్యమైనచో సిగ్గు లేదు. కాని యీ వ్యాఖ్య పాట యొక్క ఆటను ఏ మాత్రమును వివరింపదు. మందుల జాబితా కాలిని ఎందుకు ముడువవలె? చివరి మాట యెవరిమీద పడునో యను ఉత్కంఠకును చికిత్సకును సంబంధ మేమి? దండి బాలుర కిచ్చిన మినహాయింపును మనము వెనుకకు లాగుకొనుచున్నామని నా యభిప్రాయము.

ఈ పాటకు నిజమైన బొమ్మ యేది? రెండు పుటల నిండ పాదములు. నల్లనివి, మట్టి యంటినవి, ఒకటి మేజోడుతో, ఒకటి కట్టుతో, ఒకటి తహతహలాడుచు బొటనవ్రేలు పైకెత్తినది. పుట త్రిప్పినప్పుడెల్ల ఒక పాదము తగ్గవలెను. చదువు పిల్ల వ్రేలితో ఆ పాదములను తాకుచు పాడును. అప్పుడు బొమ్మ పాటకు అర్థమును చెప్పదు, పాట యాడుకొనుటకు చోటు నిచ్చును.

చిత్రము మాటను అనువదింపక, మాటతో నాటలాడుట ఇతరదేశములలో చాల కాలము క్రిందటనే సిద్ధించినది. ఎడ్వర్డ్ లియర్ 1846లో తన వెర్రిపద్యముల పుస్తకమును తన బొమ్మలతోనే ప్రకటించినాడు. రాండాల్ఫ్ కాల్డెకాట్ 1878 మొదలుకొని పాత పాటలకు బొమ్మల పుస్తకములు వేసినాడు. వానిని రంగులలో అచ్చొత్తినవాడు ఎడ్మండ్ ఎవాన్స్. పళ్ళెమును గరిటెయు కలిసి పారిపోవు పాట యొకటి ఆంగ్లమున ప్రసిద్ధము. పాట పారిపోవుటతో ముగియును. 1882లో కాల్డెకాట్ ముగింపలేదు. పాటలో మాట యొక్కటియు లేని ఒక బొమ్మను చివర చేర్చి, పళ్ళెము పగిలి ముక్కలై పడియుండగా గరిటెను కత్తియు ముల్లుగరిటెయు చెరియొక ప్రక్క పట్టుకొని యింటికి కొనిపోవుచున్నట్లు చూపినాడు. హాస్యములోనుండి ఒక్కసారిగా దుఃఖము తొంగిచూచును. పాటలోని అక్షరము నొక్కదానిని మార్చకయే చిత్రకారు డిచ్చట వ్యాఖ్యాత యైనాడు.

మనకు దగ్గరి యుదాహరణము వంగదేశము. రవీంద్రుడు 1890 దశకమున పిల్లలను లాలించు 'ఛడా'లను సేకరించి, వానిని గూర్చి వ్రాసినాడు. యోగీంద్రనాథ సర్కారు 1899లో 'ఖుకుమణిర్ ఛడా' యను సంకలనమును వెలువరించినాడు. ఈ సేకరణలు నేలను దున్నిన తరువాతనే సుకుమార రాయ్ 'ఆబోల్ తాబోల్' మొలచినది. 1923 సెప్టెంబరులో కవి మరణించిన కొలది దినములకు ఆ పుస్తకము వచ్చినది. అతడు అచ్చుపనిని ఇంగ్లండులో అభ్యసించినవాడు, తన బొమ్మలను తానే వేసికొన్నవాడు. బాతును ముళ్ళపందిని కలిపి యొక జంతువును చేసి, దానికి రెండు పేరులను అతికిన పేరు పెట్టి, ఆ యతుకునే బొమ్మలోను చూపినాడు. సంధి వ్యాకరణములో జరిగినట్లే శరీరములోను జరిగినది. మాట, బొమ్మ యొకే చేతినుండి వచ్చిన మేలిది.

మన దేశభాషలో ఇట్టి యోగ మొకసారి కుదిరినది, కాని పాటలో కాదు, వచనములో. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మదరాసునుండి 'బాల' పత్రికను నడపిరి. ముళ్ళపూడి వెంకటరమణ, బాపు లిరువురును చిన్ననాట ఆ పత్రికలో చోటు పొందినవారే. తరువాత 1956-57లలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో 'బుడుగు' వచ్చినది. అందు శ్రీజ్ఞానప్రసూనాంబ సీగానపెసూనాంబ యైనది. గంభీరమైన తత్సమము పిల్లనోట పడి అపార్థమైనప్పుడు, బాపు గీచిన నాలుగు గీతల పిల్ల ఆ చితికిన పేరునకు సరిగ్గా సరిపోయినది. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' చిత్రములు చక్కనివే. కాని అవి కథను చూపు చిత్రములు, నవ్వును మోయు గీతలు కావు. బాపు గీతను బాలగేయములకు పూర్తిగా తగిలింపలేకపోవుట మన బాలసాహిత్యమునకు లోటు.

ఇక ఉప్పల్ నాచారములకు మరలుదము. పుస్తకము చేయు మరొక పని బొమ్మ చేయు పనికంటె హెచ్చు హాని గలది. అది పాఠమును స్థిరపరచును. చెమ్మచెక్కను ఈ వీధులలో ఆడించి వినుడు. ఒకే మేడలో రెండు మూడు పాఠములు దొరకును. నల్లగొండ నుండి వచ్చిన యమ్మమ్మ 'మక్కకంకి' యనుచోట గుంటూరు నుండి వచ్చిన మామ్మ 'మొక్కజొన్నపొత్తు' అనును. తాళము మారును, తాళముతో చప్పటును మారును. కవిత్రయ భారతమునకు పాఠాంతరములను అడుగున ముద్రించు మనము, ఈ గేయముల విషయమున ఒక్క పాఠమునే, ప్రాయికముగా కోస్తా పాఠమునే, రంగుల పుటలమీద అచ్చొత్తుదుము. పిల్ల బడిలో ఆ పుస్తకమును చూచి యింటికి వచ్చి, "అమ్మమ్మా, నువ్వు తప్పు పాడుచున్నావు" అనును. అమ్మమ్మ వద్ద పుస్తకము లేదు. ఆమె మరునాటినుండి పాడుట మానును. ఒక బొమ్మల పుస్తకము ఒక పరంపరను ఈ విధముగా మూసివేయగలదు. అందుకనియే యిది చిల్లరవిషయముగా నాకు తోచదు.

ఆంగ్లగేయముల సంగతియు ఇచ్చటనే చెప్పవలెను, సంక్షేపముగా. వానను మరలి పొమ్మని వేడు ఆంగ్లగేయమును ఈ ప్రాంతపు బడులలో ప్రతి పసివాడును పాడును. పుస్తకములో పచ్చిక, గొడుగు, ఎర్రపెంకుల యిల్లు. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వర్షము పడు దక్కను పీఠభూమిలో వానను పొమ్మనువా డెవడు? తెలంగాణ పల్లెలలో వాన రానిచో కప్పను రోకలికి కట్టి, ఇంటింట దానిపై నీరు పోయించుచు, కప్పతల్లి పాటలు పాడుదురు. ఉప్పల్ నల్లచెరువు, నాచారము పెద్దచెరువు ఆ వానలకై త్రవ్వినవే. రోకలి, కప్ప, తడిసిన వేపమండలు, వెనుక బండరాళ్ళు, ఆ వెనుక మెట్రో స్తంభములు: ఈ బొమ్మను ఉప్పల్ పిల్ల చూచినచో వెంటనే గుర్తుపట్టును. ఆంగ్లగేయమును తరుమవలెనని నా వాదము కాదు. రెండు పుటలు ఎదురెదురుగా ముద్రింపుడు. ఒక పాట పొమ్మనును, ఒక పాట రమ్మనును. పిల్ల తానే నవ్వుకొనును.

ఆశ లేకపోలేదు. నాచారమునకు సమీపమున తార్నాకలో మంచి పుస్తకము వారు తక్కువ ధరలకు తెలుగు పిల్లల పుస్తకములను ప్రకటించుచున్నారు. మదరాసు తూలికవారు 1996 నుండి పలు భాషలలో, తెలుగుతో సహా, బొమ్మల పుస్తకములను వేయుచున్నారు. 2015లో ప్రారంభమైన ప్రథమ్ వారి స్టోరీవీవర్ ద్వారా బొమ్మలను ఎవరైనను తిరిగి వాడుకొనవచ్చును. అచ్చుయంత్రము, కాగితము, రంగు మునుపటి అడ్డంకులు కావు. కావలసినది పాటను పాడి, ఆడి, పిదప కుంచె పట్టు చిత్రకారుడు. అతని ప్రక్క పాఠాంతరములు తెలిసిన సంపాదకుడు. మొదటి పుస్తకమునకు కాళ్ళాగజ్జీయే తగును. పాఠమును మూడు నాలుగు విధములుగా ముద్రించి, చివరి పుటలో బొమ్మ వేయక, గీతలు మాత్రము గీచి విడువవలెను. అచ్చట పిల్ల తన యింటి పాటను వ్రాయించుకొనును.