నాలుగో ప్రశ్నకు సగం జవాబే విన్నామా?

టాటానగర్‌లో తెలుగువాళ్ళ బతుకు షిఫ్టుల మీద నడుస్తుంది. 1912లోనే ఎనిమిది గంటల పని అమలైన కార్ఖానా ఇది. మిగిలిన పదహారు గంటలూ మనవే అనుకుంటాం. కానీ బస్తీలో సంఘం నడిపే మనిషికి అవీ మిగలవు. ఏ షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికే గుమ్మంలో ఇద్దరు ఉంటారు. ఒకరిది పిల్లవాడి కుల ధ్రువపత్రం చిక్కు, ఇంకొకరిది పీఎఫ్ కాగితాల గొడవ. "అన్నా, ధ్యానానికి కూర్చుంటున్నావా?" అని అడిగితే, "జనం పనే నా ధ్యానం రా" అంటాడు.

ఈ మాటకు అండగా బాబాసాహెబ్‌నే చూపిస్తారు. 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' పరిచయంలో ఆయన వేసిన నాలుగో ప్రశ్న భిక్ఖువు గురించి. బుద్ధుడు భిక్ఖువును పరిపూర్ణ మానవుడిగా తీర్చదలిచాడా, సమాజ సేవకుడిగానా? పరిపూర్ణుడై ఊరుకునేవాడు స్వార్థపరుడే, సేవకుడైతేనే ధమ్మానికి ఆశ అని బాబాసాహెబ్ తేల్చారు. మనవాళ్ళు అక్కడే పుస్తకం మూసేస్తారు.

మొదటి భాగంలోకి వెళ్ళండి. అక్కడి సిద్ధార్థుడు ముసలివాణ్ణీ శవాన్నీ చూసి బెదిరి పారిపోయినవాడు కాదు. ఎనిమిదేళ్ళు శాక్య సంఘంలో బాధ్యత గల సభ్యుడు. రోహిణి నీళ్ళ తగాదాలో కోలియుల మీద యుద్ధం వద్దన్నాడు, ఓటులో ఓడాడు. తన కుటుంబం మీద శిక్ష పడకుండా దేశం విడిచాడు. యశోధర ఒప్పుకుంది. నాయకత్వానికి ఇంతకన్నా గొప్ప పాఠం ఏముంటుంది? అసలు మలుపు తర్వాతిది. శాక్యులు, కోలియులు రాజీపడ్డారన్న కబురు అందింది. తిరిగి వెళ్ళవచ్చు. వెళ్ళలేదు. ఒక తగాదా తీరినా తగాదాల మూలం తీరలేదని ఆలోచించాడు. ఆలార కాలాముడి దగ్గర ధ్యానం నేర్చాడు. చివరికి నలభై రోజుల తిండి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. జ్ఞానోదయానికి నాలుగు వారాలు పట్టింది. ఆ వారాల్లో ఎవరి తగాదా తీర్చలేదు, ఎవరి అర్జీ రాయలేదు. ఆ పేజీ చదివినవాడు సేవే ధ్యానమని ఎలా అంటాడు?

నా ఫిర్యాదు పుస్తకం మీద కూడా ఉంది. సమ్యక్ సమాధి అంటే మనసుకు మంచినే తలిచే అలవాటు చేయడమని బాబాసాహెబ్ చక్కగా చెప్పారు. ఆ అలవాటు ఏ పూట, ఎలా చేసుకోవాలో మాత్రం ఆ పేజీల్లో పెద్దగా దొరకదు. సంయుత్త నికాయంలో ఇచ్ఛానంగల ముచ్చట ఉంది. బుద్ధుడు మూడు నెలలు ఒంటరిగా ఉన్నాడు, అన్నం తెచ్చే ఒక్కరు తప్ప ఎవరూ రావద్దన్నాడు, శ్వాస మీద ధ్యాసతో గడిపాడు. అంత పెద్ద సంఘాన్ని నడిపే మనిషి, బోధి పొంది ఏళ్ళు గడిచాక కూడా! మన నాయకుడు మూడు నెలలు కాదు, అరగంట తలుపేసుకుంటే జనం నొచ్చుకుంటారు. తప్పు ఆయన ఒక్కడిదే కాదన్నమాట.

బాబాసాహెబ్ జీవితాన్నే అడ్డం వేస్తారు కొందరు. నిజమే, ఆయనకు తీరిక ఎక్కడిది? అయినా 1956 డిసెంబర్ 5 రాత్రి, కన్నుమూయడానికి కొన్ని గంటల ముందు, ఒంట్లో శక్తి లేకపోయినా ఆయన ఈ పుస్తకం ముందుమాట, పరిచయం కాగితాలే తెప్పించుకున్నారు. ఆ సాయంత్రం బుద్ధ వందన వింటూ తానూ గొంతు కలిపారని దగ్గరున్నవాళ్ళు రాశారు.

సి షిఫ్టువాళ్ళు పొద్దున ఆరింటికి దిగుతారు. ఆ వేళకు మా బస్తీ విహారం తలుపుకు తాళం వేసే ఉంటుంది. తాళంచెవి సంఘం నాయకుడి దగ్గరే.