నేటి ప్రత్యేకత ఏమిటి?

కృష్ణా డెల్టాలో ఏ బడికి వెళ్లినా పొద్దున ప్రేయర్‌లో ప్రతిజ్ఞ, వార్తలు, మంచిమాట అయ్యాక ఒక జీకే ప్రశ్న వినిపిస్తుంది. చాలా రోజులు అది తేదీని పట్టుకుని వచ్చేదే. పత్రికల్లో 'చరిత్రలో ఈరోజు', తెలుగు వికీపీడియా మొదటి పేజీలో అదే పేరున్న శీర్షిక, విజయవాడ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ అభ్యర్థులు నలగ్గొట్టే బిట్ బ్యాంకులు, అన్నిట్లో ఉన్నదీ ఇదే సరుకు. క్యాలెండర్ చూసి ఒక పేరు రాసేస్తే సరిపోయే పనిలా కనిపిస్తుంది గానీ, చక్కగా కుదిరిన ప్రశ్న ఒకదాన్ని విప్పి చూస్తే కూర్చినవాళ్ల పనితనానికి ముచ్చటేస్తుంది.

జూలై 4నే తీసుకుందాం. "అల్లూరి సీతారామరాజు ఎప్పుడు పుట్టారు?" అని అడిగితే 1897 అని ఒకరు చెప్తారు, పిల్లలు క్లాసుకి వెళ్లిపోతారు. ఆ తేదీనే మరో రకంగా అడగొచ్చు: "ఇవాళ మన్యం వీరుడి జయంతి. ఇవాళే మన జిల్లా మనిషి ఒకాయన వర్ధంతి. ఆయన ఆలోచన మనం పంద్రాగస్టున ఎగరేస్తాం. ఎవరాయన? ఏ ఊళ్లో కన్నుమూశారు?" పింగళి వెంకయ్య 1963 జూలై 4న విజయవాడలోనే పోయారు. పుట్టింది భట్లపెనుమర్రు. రోజూ బస్సెక్కి తిరిగే ఊళ్ల పేర్లే జవాబులో ఉన్నాయని తెలిసిన పిల్లాడు ఆ తేదీని ఇక మర్చిపోడు. పైగా ఈ ప్రశ్న వెంకయ్య గారు పుట్టిన సంవత్సరం జోలికి పోలేదు. 1876 అని కొందరు, 1878 అని కొందరు రాశారు. ఆగస్టు 2 మీద మాత్రం పేచీ లేదు. పేచీ ఉన్నచోట పిల్లల మార్కులు పోకుండా చూసుకోవడం ఈ పనిలో పెద్ద మర్యాద.

జెండా మీదే ఇంకొకటి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. వెంకయ్య అక్కడే గాంధీజీకి జెండా నమూనా చూపించారు. "ఇప్పటి జెండాలో ఉండి ఆనాటి నమూనాలో లేని రంగు ఏది?" అని అడగబుద్ధవుతుంది. అడిగితే చిక్కే. మొదట ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు గాంధీజీ చెప్పాక చేరింది. కాషాయమూ అందులో లేదు కదా అని చురుకైన పిల్ల లేచి నిలబడితే మాస్టారికి జవాబుండదు. అందుకే నేర్పరి రంగుల్ని వదిలేసి, జూలై 22 దాకా ఆగుతారు. 1947లో ఆ రోజున రాజ్యాంగ సభ జెండాని ఆమోదించింది. "చరఖా స్థానంలోకి వచ్చిన గుర్తు ఏది?" అంటే అశోక చక్రం, దానికి ఇంకో జవాబు లేదు.

అసలు కష్టమంతా తప్పు సమాధానాల దగ్గర ఉంటుంది. ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది అని అడిగి, నాలుగు ఆప్షన్లలో ఒకటి 1857, ఒకటి 1947, ఒకటి 2000 పెడితే అవి తాలు గింజలు. చేటలో ఒక్కసారి చెరిగితే ఎగిరిపోతాయి, చదవనివాడికి కూడా సరైనది దొరికిపోతుంది. ఇప్పుడు ఈ నాలుగూ చూడండి: 1952 డిసెంబరు 15, 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1, 2014 జూన్ 2. మొదటిది పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన రోజు. రెండోది కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం మొదలైన రోజు. మూడోది తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన రోజు. నాలుగోది విడిపోయిన రోజు. సరైనది ఒకటే, కానీ మిగతా మూడూ పనికొచ్చేవే. ఎందుకు తప్పో చెప్పుకుంటూ పోతే అరవై ఏళ్ల రాష్ట్ర చరిత్ర అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. 'ఆంధ్ర రాష్ట్రం' అన్నారా, 'ఆంధ్రప్రదేశ్' అన్నారా అని ప్రశ్నని రెండోసారి చదివే అలవాటు కూడా పడుతుంది. తప్పు జవాబుకి మార్కు కోసే పరీక్షల్లో ఆ అలవాటే కాపాడేది.

మాట దగ్గర ఇంతే జాగ్రత్త కావాలి. ఆంధ్రా బ్యాంకు స్థాపన తేదీ ఏది? భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరయింది, బందరులో లావాదేవీలు మొదలుపెట్టింది 28న. 'స్థాపన' అని ఊరుకుంటే ఇద్దరు పిల్లలు రెండు తేదీలు చెప్పి ఇద్దరూ నెగ్గుతారు. 'నమోదైన తేదీ' అనో, 'వ్యాపారం ప్రారంభించిన తేదీ' అనో ఒక్క మాట మారిస్తే గొడవే లేదు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి ఇప్పటి పిల్లలకి బోర్డు మీద ఆ పేరు కనిపించదు. అందుకే ఆ ప్రశ్న ఏటా నవంబరులో ఒకసారి రావాలని నా కోరిక.

దినోత్సవాలకి వేరే పద్ధతి ఉంది. 'ఆగస్టు 7 ఏ దినోత్సవం?' అంటే 'జాతీయ చేనేత దినోత్సవం' అని బట్టీ జవాబు వస్తుంది. 'ఆగస్టు 7నే ఎందుకు?' అని అడిగితే 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు దాకా వెళ్లాలి. అక్కడి నుంచి దారి తిన్నగా మన డెల్టాలోకే వస్తుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆ వేడిలోనే 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అందులో పాఠాలు చెప్పినవారిలో పింగళి వెంకయ్య ఒకరు! ఫిబ్రవరి 2 కూడా ఇలాంటిదే. చిత్తడి నేలల దినోత్సవం అంటే పిల్లలకి ఏదో దూరపు సంగతి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ఒప్పందం కుదిరిన రోజది. "ఆ ఒప్పందం జాబితాలోకి 2002లో చేరిన మన సరస్సు ఏది?" అంటే కైకలూరు వైపు చుట్టాలున్న పిల్లలందరూ ఒక్కసారే కొల్లేరు అని అరుస్తారు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ క్రీడా దినోత్సవం రెండూ పడతాయి. ఏది అడిగినా మంచిదే.

నవంబరు 19 మాత్రం అలా కాదు. ఇందిరా గాంధీ జయంతి కూడా అదే రోజు, చాలా పుస్తకాల్లో ప్రశ్న దాని మీదే ఉంటుంది. కానీ అవనిగడ్డలోనో నాగాయలంకలోనో 1977 నవంబరు 19 అంటే దివిసీమ ఉప్పెన. వేల మంది పోయారు, వాళ్ల ఇళ్ల పిల్లలే ఈ ప్రేయర్‌లో నిలబడి ఉంటారు. మృతుల సంఖ్యని నాలుగు ఆప్షన్లుగా పెట్టి అడగడానికి చేతులు రాకూడదు. 1864 నవంబరు 1న బందరుని ఉప్పెన ముంచెత్తినప్పుడు పోయినవారు ముప్పై వేల మంది అని రాస్తారు. అదీ అంతే, పందెం వేసే అంకె కాదు. ఆ రోజు అడగాల్సింది, "1977 ఉప్పెన తర్వాత తీరం ఊళ్లలో ఎత్తు స్తంభాల మీద కట్టిన భవనాలు ఎందుకు?" అని. పిల్లలు తుపాను షెల్టర్లని చెప్తారు. మీ ఊళ్లో అది ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంటుంది అని రెండో ప్రశ్న వేస్తే, దానికి జవాబు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి మర్నాడు తేవాలి.