‘నిల్వ’ అనే మాట బరువు: రక్తదాన ప్రచార రచనలపై ఒక విమర్శ

రక్తదానంపై తెలుగులో వచ్చే కరపత్రాలలో, ఆరోగ్య వ్యాసాలలో ‘దానం’ అనే మాటకున్న బరువు ‘నిల్వ’కు లేదు. దాత కనిపిస్తాడు, రోగి కనిపిస్తాడు; ఆ ఇద్దరి నడుమ రక్తానికి ఏం జరుగుతుందో కనిపించదు. లోపం కొంత మన పదజాలానిదే. ‘రక్తం’ అంటే వ్యుత్పత్తి రీత్యా ఎరుపెక్కినది. ఆ ఎరుపు ఎర్రకణాలది మాత్రమే, ప్లాస్మాది లేత పసుపు. గాజుసీసాల కాలం పోయి దశాబ్దాలు గడిచినా మన రచనల్లో ఇంకా ‘ఒక బాటిల్ రక్తం’ అనే ఉంటుంది.

సేకరించిన 350 లేదా 450 మిల్లీలీటర్ల రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి విడదీస్తారు. మొదట నెమ్మదిగా తిప్పి, ప్లేట్‌లెట్లున్న ప్లాస్మాను పైనుంచి తీసుకోవడం ఒక పద్ధతి. ఇందులో తెల్లకణాలు ఎక్కువగా ఎర్రకణాలతోనే ఉండిపోతాయి. వేగంగా తిప్పి, నడుమ ఏర్పడే తెల్లకణాల పొరను (బఫీకోట్) తొలగించడం మరొకటి. నిల్వలో తెల్లకణాలు చితికితే వాటి ఎంజైములు ఎర్రకణాల పొరను దెబ్బతీస్తాయి. అందుకే కొన్నిచోట్ల వడపోత కూడా చేస్తారు. కలిపే ద్రావణం కూడా ముఖ్యమే: 2–6 డిగ్రీల చలువలో సీపీడీఏ-1తో 35 రోజులు, శాగ్‌ఎమ్‌తో 42 రోజులు గడువు.

ఈ సంగతులు చెప్పని రచన పాఠకుడికి ‘తాజా’ అనే ఒక్క కొలబద్దనే మిగులుస్తుంది. 20 వేలకు పైగా రోగులపై జరిగి 2016లో వెలువడిన ఇన్‌ఫార్మ్ పరిశోధనలో, తాజా రక్తం పొందినవారికీ పాత నిల్వ పొందినవారికీ మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే ఏడాది కెనడా రికార్డుల ఆధారంగా వచ్చిన మరో పరిశీలన వయసుతోపాటు తయారీ పద్ధతినీ లెక్కలోకి తీసుకుంది. మొత్తం రక్తాన్ని వడబోసి తీసిన తాజా కణాల విషయంలోనే మరణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. అది కార్యకారణ నిరూపణ కాదు కానీ, ‘తాజాయే మేలు’ అనే ధీమాను మాత్రం సడలిస్తుంది.

అనంతపురం రైతుకు ఈ విషయం చెప్పడం కష్టమేమీ కాదు. ఎన్నాళ్లు దాచామన్నదొక్కటే చాలదని, ఎలా ఎండబెట్టాం, కాయగా ఉంచామా, ముందే ఒలిచామా అన్నదానిపై శెనక్కాయ విత్తనం మొలక ఆధారపడుతుందని అతనికి తెలుసు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానపై బతికే సీమకు నిల్వ పరాయి భావన కాదు. ప్రచార రచయితలు ఈ అనుభవాన్ని వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యం.

‘ప్రాసెసింగ్’కు ‘శుద్ధి’ అనడమూ సరికాదు. దాత రక్తం మలినమన్న ధ్వని అందులో ఉంది. ‘విభజన’, ‘వడపోత’ అని ఏ పనికి ఆ పేరు పెడితే చాలు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా పిల్లల తల్లిదండ్రులు అప్పుడు ‘తాజాదేనా?’ అన్న ప్రశ్నతో ఆగిపోరు, ‘తెల్లకణాలు తగ్గించినదేనా?’ అనీ అడుగుతారు.